నెమ్మది

మన భాషలో కొన్ని మాటలు భలే చిత్రమైనవి. "నెమ్మది" అన్న మాటే తీసుకోండి. జ్వరం వచ్చి తగ్గినవాళ్లని "ఒంట్లో నెమ్మదిగా ఉందా?" అని పలకరిస్తాం. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్లాడు నెమ్మదస్తుడండీ" అంటే అంతకి మించిన యోగ్యతాపత్రం లేదు. అదే మాట కాస్త సాగదీసి "ఆ మనిషి కొంచెం నెమ్మదిలెండి" అన్నామా, ఇక ఆ మనిషితో పని తెమలదని మర్యాదగా చెప్పినట్టే. ఒక్క మాటలోనే ఆరోగ్యమూ ఉంది, అభియోగమూ ఉంది.

సామెతలు మాత్రం తక్కువ తిన్నాయా? "నిదానమే ప్రధానం" అన్నవాళ్లే "ఆలస్యం అమృతం విషం" అని కూడా చెప్పిపోయారు. రెండూ చేతిలో ఉన్నాయి గనక ఎవరి అవసరానికి తగ్గది వాళ్లు వాడుకుంటున్నాం. ఆలస్యం మనదైతే మొదటిది, ఎదుటివాళ్లదైతే రెండోది.

ఇదంతా ఎందుకు చెప్పుకొస్తున్నానంటే, 2025 వేసవిలో మా ఇంట్లో కంప్యూటరు నెమ్మదించింది. నవ్వకండి. చిన్న విషయమే. కానీ దానివల్ల నాకు పట్టుకున్న ప్రశ్న మటుకు ఇప్పటికీ వదల్లేదు.

ఆ కంప్యూటరు 2014లో మా అబ్బాయి ఇంజనీరింగులో చేరినప్పుడు కొన్నది. వాడు చదువైపోయి ఉద్యోగానికి బెంగుళూరు వెళ్తూ దాన్ని నాకు వదిలిపెట్టాడు. వెనకటికి పెద్దవాళ్ల వస్తువులు పిల్లలకి దక్కేవి. ఇప్పుడు పిల్లల పాత ఫోన్లూ, పాత కంప్యూటర్లూ పెద్దవాళ్లకి వారసత్వంగా వస్తున్నాయి. నేనూ సంతోషంగానే పుచ్చుకున్నాను. మా అపార్టుమెంటు నీళ్ల మోటారు ఖర్చూ, వాచ్‌మన్ జీతమూ, లిఫ్టు మరమ్మతూ, అన్ని లెక్కలూ అందులోనే వేసేదాన్ని. పదకొండేళ్ల ఫోటోలు అందులోనే. కరెంటు బిల్లు, రైలు టిక్కెట్లు, మా అమ్మ చెబితే రాసుకున్న ఊరగాయల కొలతలు కూడా అందులోనే.

అటువంటిది ఏణ్ణర్థంగా మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్న దాని మీట నొక్కి, వంటింట్లోకి వెళ్లి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా తెరమీద చుక్కలు గుండ్రంగా ప్రదక్షిణం చేస్తూనే ఉండేవి. ఏదైనా తెరుద్దామని నొక్కితే పలికేది కాదు. పలక్కపోతే ఊరుకుంటామా? మళ్లీ నొక్కేదాన్ని. మళ్లీ, మళ్లీ. చివరికి ఒకే లెక్కల పుస్తకం నాలుగు సార్లు తెరుచుకుని, ఏది అసలుదో తెలియక నేనూ, ఎవరి మాట వినాలో తెలియక అదీ, ఇద్దరం బిగుసుకుపోయేవాళ్లం. మావారు పెద్దమనిషి తరహాలో "కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యి" అనేవారు. ఆ మాట వింటే నాకు మరీ ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం రాజమండ్రి నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. అప్పుడే గంటసేపు వేసిన లెక్కలు ఎగిరిపోయి ఉడికిపోతున్నాను. నా గోడంతా వెళ్లబోసుకున్నాను.

"ఏం చెప్పమంటావే! ముసలిదైపోయింది. ఒక మాట చెబితే అందుకోడానికి పది నిమిషాలు. అడిగేదొకటి, చేసేదొకటి. దాంతో వేగలేక చస్తున్నాను. అబ్బాయి కూడా వదిలించుకోమనే అంటున్నాడు. ఈ నెలాఖరులోగా పంపించేస్తే నాకు నెమ్మది."

నా గొంతు మామూలుగానే పెద్దది. హాలు పక్క గదిలో మా అత్తయ్యగారు పడుకుని ఉన్నారు. ఆవిడకి 82 ఏళ్లు. మోకాళ్లు సహకరించవు గానీ చెవులు మటుకు నాకన్నా చురుకు.

ఇక్కడ మన వ్యాకరణం గురించి ఒక మాట చెప్పుకోవాలి. వాడు, అది అని రెండే విభజనలు మనకి. వస్తువుని "అది" అంటాం, గొడ్డుని "అది" అంటాం, కోపం వచ్చినప్పుడు ఆడమనిషిని కూడా "అది" అనే అంటాం. మగవాడికి ఎంత కోపంలోనైనా వాడి "వాడు" వాడికి మిగులుతుంది. కాబట్టి నేను కంప్యూటరుని తిట్టిన తిట్లలో, అది కంప్యూటరని తెలియజెప్పే మాట ఒక్కటంటే ఒక్కటి లేదు.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. నాలుగింటికి రెండో కాఫీ అడగడం అత్తయ్యగారు మానేశారు. తిన్న కంచం తనే తీసుకెళ్లి, సింకు అంచు పట్టుకుని నిలబడి కడగడం మొదలెట్టారు. ఏదైనా అడిగితే "ఊఁ", "వద్దు", "సరే". పాత కబుర్లు చెప్పడం లేదు. నేను గమనించలేదా అంటే, గమనించాను. గమనించి ఏమనుకున్నానో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారేమో. "అమ్మయ్య, ఈ రెండు రోజులూ పని త్వరగా తెములుతోంది" అనుకున్నాను.

ఆ ఆదివారం మా పక్క ఫ్లాటు కుర్రాడు వచ్చాడు. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. "పారెయ్యకండి ఆంటీ, ముందర ఒకసారి చూద్దాం" అన్నాడు. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ మూడు మీటలూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజరని ఒక పట్టిక తెరుచుకుంది. ఆ క్షణంలో యంత్రం ఎన్ని పనులు నెత్తిన వేసుకుందో, ఏ పనికి ఎంత శక్తి పోతోందో అందులో కనిపిస్తుంది. చూద్దును గదా, మెమరీ అన్నచోట నూటికి 91. డిస్కు అన్నచోట నూటికి నూరు. అప్పటికి నేను దానికి ఒక్క పని కూడా చెప్పలేదు!

"ఇవన్నీ మీరు చెప్పకపోయినా అది ఆన్ అవగానే మొదలైపోయే పనులు ఆంటీ" అని ఇంకో జాబితా చూపించాడు. లెక్కపెట్టాను, 19. అబ్బాయి కాలేజీ రోజుల్లో ఆడిన ఆటలది ఒకటి. ఎప్పుడో అమ్మేసిన ప్రింటరుది ఒకటి. వీడియోలో మాట్లాడుకోవడానికి పెట్టుకుని మర్చిపోయినవి మూడు. ఒక వైరస్ కాపలాదారు చాలదన్నట్టు ఇద్దరు, ఆ ఇద్దరూ ఒకరినొకరు అనుమానిస్తూ తనిఖీ చేసుకుంటున్నారట. పదకొండేళ్లలో ఎవరికి తోచినప్పుడు వాళ్లం ఒక్కొక్కటే తెచ్చి దాని నెత్తిన పెట్టాం. దించడం మాత్రం ఎవరికీ గుర్తులేదు.

మెమరీ అంటే ఏమిటో, డిస్కు అంటే ఏమిటో నాకు తెలిసేటట్టు చెప్పమన్నాను. ఆ కుర్రాడు తడుముకుంటుంటే నాకే తట్టింది. మెమరీ అంటే వంటింటి గట్టు. డిస్కు అంటే సామాన్ల గది. గట్టు విశాలంగా ఉంటే కావలసినవన్నీ చేతికి అందేలా పెట్టుకుని చకచకా వండుకోవచ్చు. గట్టు ఇరుకైతే? పప్పు డబ్బా పెట్టాలంటే ఉప్పు డబ్బా సామాన్ల గదిలో పెట్టి రావాలి. ఉప్పు కావాలంటే పప్పు డబ్బా తీసుకెళ్లి ఉప్పు తెచ్చుకోవాలి. రోజంతా తిరగడమే గానీ వంట కాదు. మా కంప్యూటరు గట్టు 4 జీబీ. ఈనాటి బ్రౌజరు ఒక్కటి తెరిచి పది పేజీలు పరిచామంటేనే గట్టు నిండిపోతుంది. పైగా సామాన్ల గది పాతకాలపు హార్డ్ డిస్కు. అందులో ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటే చిన్న ముల్లు అటూ ఇటూ కదిలి వెతికి తీస్తుంది. గదేమో కిక్కిరిసి ఉంది. ఇక నేను మళ్లీ మళ్లీ నొక్కిన నొక్కులున్నాయే, అవి వృథాగా పోలేదట. ప్రతి నొక్కూ ఒక కొత్త పనిగా వరసలో నిలబడింది. అంటే అది ఆలస్యం చేస్తోందని నేను విసుక్కున్న ప్రతిసారీ, ఇంకాస్త ఆలస్యం నేనే తయారుచేశానన్నమాట.

"అయితే దీని బుర్ర నెమ్మదించలేదా?" అని అడిగాను.

"లేదాంటీ. ప్రాసెసరు కొన్నప్పుడు సెకనుకి ఎన్ని కోట్ల సార్లు కొట్టుకునేదో ఇప్పటికీ అంతే. లోపల దుమ్ము పేరుకుని వేడెక్కితే మటుకు తనని తాను కాపాడుకోడానికి కాస్త తగ్గుతుంది. అంతే."

పెట్టె మూత విప్పితే ఫ్యాను రెక్కల మీద దూది పరుపంత దుమ్ము. అది చెరిపినవాళ్లం లేదు. మెత్తటి కుంచెతో దులిపాం. 19 పనుల్లో 15 మాన్పించాం. పనికిరాని ప్రోగ్రాములు తీసేశాం. కాపలాదారుల్లో ఒకణ్ణి సాగనంపి, రెండోవాడితో ఇల్లంతా వెతికించాం. ఫోటోలు విడిగా భద్రం చేసుకున్నాం. మర్నాడు బజారుకెళ్లి తిరిగే పళ్లెం లేని డిస్కు, ఎస్ఎస్‌డీ అంటారు, అదొకటి తెచ్చి బిగించాడు. గట్టు కూడా ఇంకో 4 జీబీ పొడిగించాడు. సాయంత్రానికి మీట నొక్కి కళ్లజోడు సవరించుకునేలోగా తెర వెలిగింది.

తర్వాత ఈ విషయం గురించి చదివితే తెలిసింది, ఇది నా ఒక్కదాని అనుభవం కాదని. పాస్కల్ అనే కంప్యూటరు భాషని రూపొందించిన స్విట్జర్లాండు శాస్త్రవేత్త నిక్లాస్ విర్త్ 1995లోనే ఒక వ్యాసంలో మొత్తుకున్నాడు. యంత్రాల వేగం ఎంత త్వరగా పెరుగుతోందో అంతకన్నా త్వరగా ప్రోగ్రాములు బరువెక్కి ఆ వేగాన్ని తినేస్తున్నాయని ఆయన బాధ. మనం యంత్రాన్ని ముసలిదైపోయిందంటాం. నిజానికి అది ఉన్నచోటే ఉంది. మనం దాని మీద వేసే బరువు పెరిగింది, మన ఓపిక తరిగింది. ఈ రెండిటి మధ్యా ఏర్పడిన దూరానికి మనం పెట్టిన పేరు నెమ్మది.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే, పాతవాటిని పారెయ్యకండి, శుభ్రం చేసి వాడుకోండి అని మీకు ఒక నీతి చెప్పి నిష్క్రమించేదాన్నే. కానీ ఆ రాత్రి మావారు గదిలోకొచ్చి గొంతు తగ్గించి అడిగారు, "అమ్మ చెల్లాయి ఇంటికి పంపించమంటోంది. ఏమైనా అన్నావా?"

గుండె గతుక్కుమంది. గబగబా వెళ్లాను. అత్తయ్యగారు మంచం మీద కూర్చుని చీరలు మడతపెట్టుకుంటున్నారు. ఆవిడ మడతపెడితే చీర అంచుకి అంచు కలుస్తుంది. అందుకని ఒక్కో చీరకీ బోలెడంత సేపు పడుతుంది.

"ఏమిటత్తయ్యా ఇది? ఎందుకు వెళ్తానంటున్నారు?"

ఆవిడ తలెత్తలేదు. "నువ్వేగా అమ్మాయ్ అన్నావు, నెలాఖరులోగా పంపించేస్తే నెమ్మదని. ఆ పంపించేదేదో నేనే బయల్దేరితే నీకూ మాట రాదు గదా అని."

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ చేతులు పట్టుకున్నాను. "అయ్యో అత్తయ్యా, అది కంప్యూటరు గురించండీ!"

ఆవిడ నమ్మడానికి కాసేపు పట్టింది. నమ్మాక నవ్వారు. కళ్లంబడి నీళ్లు వచ్చేదాకా నవ్వి, కొంగుతో తుడుచుకున్నారు. ఆ నీళ్లన్నీ నవ్వువే అని ప్రమాణం చేసి చెప్పలేను. నేనూ నవ్వాను. తర్వాత, అన్ని రోజుల మౌనం తీరేటట్టు, ఆవిడే మాట కలిపారు.

"ఇంతకీ బాగుపడిందా అది?"

"లక్షణంగా పనిచేస్తోందండీ."

"అయితే ఉంచుతావన్నమాట."

"ఉంచకేం!"

ఆవిడ చీర అంచు సరిచేస్తూ మామూలుగానే అడిగారు. "బాగుపడకపోతే?"

ఆవిడ ఎత్తిపొడుపుగా అడగలేదు. అటువంటి అలవాటు లేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కట్టుకున్న నీతి గోడ మొత్తం ఆ ఒక్క ప్రశ్నకి కూలిపోయింది. పాతవాటిలో కూడా ఇంకా సత్తువ ఉంటుంది, దుమ్ము దులిపితే పనికొస్తాయి గనక పారెయ్యకూడదు. ఇదీ నా వాదం. వినడానికి దయగానే ఉంటుంది. కానీ దాని లోపల ఒక షరతు ఉంది. పనికొస్తాయి గనక. పనికి రాకపోతే? దులపడానికి దుమ్మే లేకపోతే? నిజంగానే అరిగిపోయి ఉంటే?

అసలు ఈ షరతు మనకి ఎంత అలవాటో చూడండి. పెద్దవాళ్లని పొగిడేటప్పుడు కూడా ఏమంటాం? "మా అత్తగారు ఇప్పటికీ కూరలు తరిగిపెడతారండీ", "మామగారు పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కిస్తారండీ", "ఆవిడ ఉంటే ఇంటికి తాళం వెయ్యక్కర్లేదండీ". ప్రేమగానే అంటాం. అన్నీ పని లెక్కలే. ఆ లెక్క వినీ వినీ కాబోలు, పెద్దవాళ్లు కూడా మనం పని అడక్కపోయినా "ఏదైనా ఇవ్వవే చేసిపెడతాను" అంటూ చుట్టూ తిరుగుతారు. అత్తయ్యగారు సింకు పట్టుకుని కంచం కడిగింది కూడా అందుకే. తను ఇంకా పనికొస్తానని ఋజువు చూపిస్తున్నారు. ఆ ఋజువు అడిగింది ఎవరు? నోటితో ఎవరమూ అడగలేదు.

జర్మనీ తత్త్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్ 1785లో అచ్చయిన ఒక పుస్తకంలో ఈ తేడానే విడదీసి చెప్పాడు. లోకంలో కొన్నిటికి వెల ఉంటుంది. వెల ఉన్నదాని చోట దానికి సమానమైన ఇంకోటి పెట్టుకోవచ్చు. మనిషికి ఉన్నది వెల కాదు, గౌరవం. దాని చోట పెట్టడానికి సమానమైనది ఇంకోటి ఉండదు. ఆయన మాటల సారాంశం ఇది. కంప్యూటరు విషయంలో "ఇది ఇంకా పనికొస్తుందా?" అనే ప్రశ్న న్యాయమైనదే. అడగాలి కూడా. మనిషి విషయంలో జవాబు ఏదొచ్చినా సరే, ఆ ప్రశ్న అడగడమే తప్పు. "పనికొస్తుంది" అన్న జవాబు కూడా అవమానమే. నేను చేసిన పొరపాటు కంప్యూటరుని తిట్టడం కాదు. కంప్యూటరు బాగుపడ్డాక, "చూశారా, ముసలివాళ్లూ ఇంతే" అని రెండిటినీ ఒక తక్కెట్లో పెట్టడానికి సిద్ధపడడం.

ఆ కంప్యూటరు కథ తర్వాత ఎలా నడిచిందో చెబితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. దానికి ఎంత సేవ చేసినా, 2025 అక్టోబరు 14న దాని ప్రాణాధారమైన విండోస్ 10కి మామూలుగా వచ్చే రక్షణ సవరణలు ఆగిపోయాయి. కొత్తదైన విండోస్ 11ని మోసే అర్హత అంత పాత యంత్రానికి లేదు. తాళాలు మార్చని ఇంట్లో నగలు పెట్టుకోకూడదు గదా. బ్యాంకు పనులు దాని మీద మానేశాను. నెట్టు తీసేసి లెక్కలకీ, ఫోటోలకీ ఉంచుకున్నాను. రేపు అదీ కుదరకపోతే, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవాళ్లకి అప్పగిస్తాను. కాస్త బెంగ ఉంటుంది గానీ తప్పు చేసినట్టు అనిపించదు. వస్తువుకి అంతే బాకీ. బాగున్నన్నాళ్లు జాగ్రత్తగా వాడుకోవడం, చెయ్యని నేరం దాని మీద మోపకపోవడం, వెళ్లేటప్పుడు సరైన చోటికి పంపడం.

మరి మనిషికి ఉన్న బాకీ ఏమిటి? మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. తిండి, బట్ట, ఉండడానికి చోటు, వైద్యం, ఇవి పిల్లలు చూడాలని అందులో ఉంది. మంచి చట్టమే. మా ఇంట్లో ఆ నాలుగిటికీ ఎన్నడూ లోటు రాలేదు. ఆ మౌనంగా గడిచిన రోజుల్లో కూడా వేళకి అన్నం పెట్టాను, వేళకి మాత్ర ఇచ్చాను. చట్టం వచ్చి తనిఖీ చేసినా నాకు నూటికి నూరు మార్కులు వేస్తుంది. అయినా ఆవిడ చీరలు సర్దుకున్నారు. ఎందుకంటే ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగాలని ఏ చట్టంలోనూ రాయలేదు. రాయడానికి వీలూ కాదు.

అసలు బాధ ఇంకోటి ఉంది. ఆవిడ నా మాట పొరపాటుగా అర్థం చేసుకున్నారని చెప్పుకోవడం నాకు సులువు. కానీ విన్న వెంటనే అది తన గురించే అని ఎలా నమ్మగలిగారు? "ఒక మాట చెబితే అందుకోడానికి పది నిమిషాలు" అన్న విసుగు అంతకు ముందెన్నడూ నా మొహంలో ఆవిడ చూడకపోతే నమ్మి ఉండేవారా? ఆవిడ ఏదైనా చెప్పబోయి పేరు గుర్తురాక తడుముకుంటుంటే, నేనే ఆ పేరు అందించి, మిగతా కథా నేనే ముగించేసి, "తెలుసులెండత్తయ్యా" అని లేచి వచ్చిన రోజులు లెక్కపెడితే ఒకటా, రెండా! ఒక నొక్కుకి పలక్కపోతే పది నొక్కులు. అక్కడా ఇక్కడా చేసింది నా చెయ్యే.

అలాగని నన్ను నేను తిట్టుకుంటూ కూర్చుంటే ఎవరికి లాభం? నాకెందుకింత తొందర అని ఆలోచించాను. టాస్క్ మేనేజరు పట్టిక జ్ఞాపకమొచ్చింది. పొద్దున్న నేను కళ్లు తెరిచీ తెరవగానే, ఎవరూ మీట నొక్కకుండానే నాలో మొదలైపోయే పనులు ఎన్ని? పాలు, నీళ్ల మోటారు, టిఫిను, మావారి బీపీ మాత్ర, పనిమనిషి వస్తుందా రాదా, అపార్టుమెంటు చందా ఎవరివ్వలేదు, అబ్బాయి ఫోను చేసి ఎన్నాళ్లయింది, చెల్లెలి కూతురి సంబంధం ఏమైంది, ఎదురింటివాళ్లు నిన్న పలకరించలేదేం... నాది 19తో ఆగలేదు. మీదీ ఆగదని నాకు తెలుసు. వాటిలో అమ్మేసిన ప్రింటరు తాలూకువి ఎన్నో!

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో 1969లోనే ఒక కంప్యూటరు చేసి చూపించింది. జులై 20న ఇద్దరు మనుషుల్ని చంద్రుడి మీద దింపుతున్న నౌకలో ఉన్న కంప్యూటరు అది. దాని వంటగట్టు మన లెక్కలో 4 కిలోబైట్లు. మా ఇంటి గట్టులో పది లక్షో వంతు కూడా సరిగ్గా లేదు. దిగుతుండగా, ఆ క్షణాన అక్కర్లేని ఒక రాడారు దాని నెత్తిన పనికిమాలిన భారం వేస్తూ పోయింది. 1202 అని ప్రమాద సూచన వెలిగింది. పనులు పెరిగిపోయి చెయ్యలేకపోతున్నాను అని దాని అర్థం. అప్పుడది బిగుసుకుపోలేదు. ముఖ్యం కానివి వదిలేసి, మనుషుల్ని క్షేమంగా దింపే పని మాత్రం వదలకుండా పట్టుకుంది. అలా నడుచుకునేలా దాని ప్రోగ్రాములు రాసిన బృందానికి పెద్ద మార్గరెట్ హామిల్టన్ అనే ఆవిడ. అప్పటికి ఆవిడ వయసు 32, ఇంట్లో చిన్నపిల్ల కూడా ఉంది. ఏది వదలాలి, ఏది పట్టుకోవాలి అన్నది ఒక ఆడమనిషి ఆధ్వర్యంలో తేలిందంటే నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

నేనూ కాగితం తీసుకుని రాసుకున్నాను. అపార్టుమెంటు లెక్కలు రెండో అంతస్తులో రిటైరైన మాస్టారికి అప్పగించాను. ఆయన సంతోషంగా తీసుకున్నారు. పొద్దున్న మోటారు మావారి ఖాతాలోకి మారింది. ఎదురింటివాళ్లు పలకరించకపోవడం గురించి ఆలోచించే పని పూర్తిగా తీసేశాను. ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కరోజులో పోయేవి కావు. అయినా సాయంత్రం నాలుగింటికి ఒక అరగంట ఖాళీ అయింది.

ఇలా చేశాను గనక నేను మారిపోయానని మీరనుకోకండి. మొన్న కూడా ఆవిడ ఒక పేరు కోసం వెతుక్కుంటుంటే నా నాలుక చివరికి వచ్చేసింది. బలవంతంగా మింగాను. ఓర్పు అనేది ఒకసారి బిగించి మర్చిపోయే విడిభాగం కాదు. రోజూ దులపాల్సిన దుమ్ము.

నిన్న నాలుగింటికి రెండు గ్లాసుల కాఫీ తీసుకుని ఆవిడ గదిలోకి వెళ్లాను. ఆవిడ తన పెళ్లినాటి ప్రయాణం మొదలెట్టారు. రెండెడ్ల బండి, దారిలో వాన, కాలవ గట్టు దగ్గర చక్రం దిగబడడం. నాకు తెలిసిన కథే. ఆ బండి తోలినతని పేరు దగ్గర ఆగిపోయారు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించారు. నేను కూడా కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఆవిడ మొహం వెలిగింది. నేను ఇన్నేళ్లూ అందిస్తూ వచ్చిన పేరు అసలు అతనిది కానే కాదట, అతని అన్నదట.

ఆవిడ కథ ముగించేసరికి కాఫీలు చల్లారిపోయాయి. మళ్లీ వెచ్చపెట్టుకుని తాగాం.